గడియారం లేనివాళ్లు మందులు వేసుకోలేరా?

పేద దేశాల రోగుల చికిత్సకు విరాళం అడిగితే ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: మందులిచ్చినా వాళ్లు సరిగా వాడరు, మధ్యలో మానేస్తారు, ఇచ్చిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇదేదో రచ్చబండ మాట అనుకోనక్కర్లేదు. 2001లో అమెరికా విదేశీ సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ కూడా ఇదే ధోరణిలో మాట్లాడారు. ఆఫ్రికాలో చాలామంది గడియారమే ఎరగరనీ, వేళకు వేసుకోవాల్సిన హెచ్ఐవీ మందులు వాళ్లతో వాడించడం కష్టమనీ ఆయన వాదన. 2006లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 58 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. మందులు తగినంత క్రమబద్ధంగా వాడుతున్నవారు సహారా దిగువ ఆఫ్రికాలో 77 శాతం, ఉత్తర అమెరికాలో 55 శాతం! కొలిచిన పద్ధతులు అన్నిచోట్లా ఒకటి కావు కాబట్టి ఆఫ్రికన్లే మెరుగని తీర్పు చెప్పలేం. కానీ వాళ్లు వాడలేరన్న మాట మాత్రం అక్కడితో చెల్లిపోయింది.

అడ్డుపడింది రోగి స్వభావం కాదు, మందు ధర. 2000 ప్రాంతంలో ఒక మనిషికి ఏడాది మందుల ఖర్చు 10 వేల డాలర్లు దాటేది. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా వాటిని 350 డాలర్లకే ఇస్తానంది. 2023కల్లా రోజుకొక్క మాత్రతో సరిపోయే మందు ఏడాదికి 45 డాలర్ల లోపుకి దిగింది. ఇలాంటి మాత్రలు చేసే కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన హెటెరో, అరబిందో కూడా ఉన్నాయి. ధర తర్వాతి అడ్డు దూరం. మొజాంబిక్‌లోని టెటె రాష్ట్రంలో 2008 నుంచి రోగులు ఆరుగురేసి జట్టు కట్టారు. నెలకొకరు వంతులవారీగా ఆసుపత్రికి వెళ్లి, తన పరీక్షలు చేయించుకుని, మిగతా ఐదుగురి మందులూ మోసుకొచ్చేవారు. దాంతో ఆరు నెలల్లో ఒక్కొక్కరికీ ఐదు నెలల దారిఖర్చు, ఐదు రోజుల కూలి మిగిలేవి. ఊరికే ఇస్తే విలువుండదనేవారు ఇంకో సంగతి గమనించాలి. మందుకు డబ్బు కట్టించుకున్న చోటే మధ్యలో మానేసినవాళ్లు ఎక్కువ.

మరి విరాళాల సొమ్ము మధ్యలో తినేసేవాళ్ల మాటేమిటి? తిన్నారు, నిజమే. మాలి, మారిటానియా వంటి చోట్ల, ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరుకు డబ్బిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ సొమ్ము పక్కదారి పట్టిందని 2011లో పెద్ద దుమారం రేగింది. కొన్ని దేశాలు చందాలు ఆపేశాయి కూడా. అప్పటికి లెక్క తేలని మొత్తం సుమారు 3.4 కోట్ల డాలర్లు, ఆ సంస్థ అప్పటిదాకా పంచింది దాదాపు 1,300 కోట్ల డాలర్లు. ఆ లెక్కలన్నీ తనిఖీ చేయలేదు కాబట్టి అసలు నష్టం అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. కానీ ఆ దొంగతనాన్ని బయటపెట్టింది సంస్థ సొంత తనిఖీ విభాగమే. నా మటుకు, ఎన్నడూ మోసమే జరగలేదని చెప్పుకునే సంస్థ కంటే పట్టుకుని ప్రకటించిన సంస్థకు ఇవ్వడమే మేలనిపిస్తుంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు కొందరు. 2004 ఏప్రిల్‌లో మన దేశంలో ఉచిత హెచ్ఐవీ చికిత్స మొదలైనప్పుడు తీవ్రత ఎక్కువున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ చికిత్స విస్తరణకు గ్లోబల్ ఫండ్ డబ్బూ తోడైంది. అంటే బయటివాళ్ల సాయం అందుకున్న ఇల్లే మనది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం, పరాధీనత. దీన్ని కొట్టిపారేయలేం. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపేస్తే పలు ఆఫ్రికా దేశాల్లో చికిత్సా కేంద్రాలు మూతపడ్డాయి. అదే సమయంలో హెచ్ఐవీ ఖర్చులో అధికభాగం సొంత ఖజానా నుంచే పెట్టుకుంటున్న దక్షిణాఫ్రికాలో దెబ్బలు తగిలినా మాత్రల కొనుగోలు ఆగలేదు. కాబట్టి చందా ఇచ్చేముందు సంస్థను అడగాల్సింది రోగి ఫొటో కాదు. వచ్చే ఏడాది మందు ఎవరు కొంటారు, స్థానిక నర్సు జీతం ఎవరిస్తారు, అక్కడి ప్రభుత్వం వాటా ఏటా పెరుగుతోందా అన్న లెక్కలు.