గేమ్ కన్సోల్ నుంచి లె మాన్స్ విజయ వేదికకు: యాన్ మార్డెన్‌బరో ప్రస్థానం

ఫ్రాన్స్‌లోని లె మాన్స్ పట్టణంలో ఏటా జరిగే 24 గంటల కార్ల పందెం ప్రపంచంలోని అత్యంత కఠినమైన పందేల్లో ఒకటి. 13 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ మార్గంపై పగలు, రాత్రి, ఎండ, వాన అన్న తేడా లేకుండా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా ఒకే కారును నడుపుతారు. 2013 జూన్‌లో ఆ పందెంలో ఎల్ఎంపీ-2 విభాగంలో మూడో స్థానం పొందిన జట్టులో 21 ఏళ్ళ బ్రిటిష్ యువకుడు ఒకరున్నారు. ఆయన పేరు యాన్ మార్డెన్‌బరో. అంతకు రెండేళ్ళ క్రితం వరకు ఆయనకు పందెం కార్లతో ఉన్న పరిచయమల్లా ఇంట్లో ఆడుకునే వీడియో గేమే.

తెర ముందు కూర్చుని ఆడే ఆట నిజమైన పందెం కారు నడపడం నేర్పగలదా? నేర్పితే ఎంతవరకు? ఏది నేర్పలేదు? ఈ ప్రశ్నలకు మార్డెన్‌బరో జీవితం స్పష్టమైన సమాధానం ఇస్తుంది. ఆ సమాధానంలో ఒక విజయంతో పాటు ఒక విషాదమూ ఉంది.

డబ్బు మూసిన ద్వారం

మోటారు పందేలలో ప్రవేశం సాధారణంగా కార్టింగ్‌తో మొదలవుతుంది. చిన్న ఇంజిను, నాలుగు చక్రాలు, నేలకు ఆనుకున్నట్లుండే ఆసనం గల చిన్న వాహనం కార్ట్. పిల్లలు ఏడెనిమిదేళ్ళ వయసులోనే దానిపై శిక్షణ ప్రారంభిస్తారు. ఆ తరువాత ఫార్ములా-4, ఫార్ములా-3 వంటి మెట్లు ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకూ ఖర్చు పెరుగుతూ పోతుంది. యూరప్‌లో ఫార్ములా-3 స్థాయిలో ఒక్క ఏడాది పోటీ పడడానికి అయ్యే వ్యయాన్ని మన లెక్కలో కోట్ల రూపాయల్లో చెప్పుకోవాలి. అందువల్ల ప్రతిభ ఉన్నా, కుటుంబానికి సంపద గాని, వెనుక ప్రాయోజకుడు గాని లేనివారు తొలి మెట్టు దగ్గరే ఆగిపోతారు.

మార్డెన్‌బరో 1991లో ఇంగ్లండ్‌లోని డార్లింగ్టన్‌లో జన్మించి, వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో పెరిగారు. తండ్రి స్టీవ్ మార్డెన్‌బరో వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడు. యాన్ బాల్యంలో కార్టింగ్ రుచి చూసినా, దాని ఖర్చు కారణంగా అది ముందుకు సాగలేదు. ఆ లోటును తీర్చినది గ్రాన్ టురిస్మో అనే వీడియో గేమ్.

జపాన్‌కు చెందిన కజునోరి యమౌచి నేతృత్వంలో రూపొందిన ఈ గేమ్ 1997లో తొలిసారి విడుదలైంది. కార్ల బరువు, టైర్ల పట్టు, మలుపుల వంపు వంటి అంశాలను వాస్తవానికి వీలైనంత దగ్గరగా చూపడం దాని ప్రత్యేకత. యమౌచి స్వయంగా జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ 24 గంటల పందెంలో పాల్గొన్నారు. ఆట తయారుచేసిన వ్యక్తికే నిజమైన పందెం అనుభవం ఉండడం ఆ గేమ్ స్వభావాన్ని తెలియజేస్తుంది.

90 వేల మందిలో ఒకరు

గేమ్‌లో వేగంగా నడిపేవారు నిజమైన కారునూ వేగంగా నడపగలరేమో పరీక్షించాలన్న ఆలోచన నిస్సాన్ కార్ల సంస్థకు, ప్లేస్టేషన్ తయారీదారు సోనీకి కలిగింది. ఈ ప్రయత్నం వెనుక నిస్సాన్ యూరప్ అధికారి డారెన్ కాక్స్ చొరవ ముఖ్యమైనది. ఆ విధంగా 2008లో జీటీ అకాడమీ పేరిట పోటీ మొదలైంది. ఆ ఏడాది గెలిచిన స్పెయిన్ విద్యార్థి లూకాస్ ఒర్డోనెజ్ 2011లో లె మాన్స్‌లో తన విభాగంలో రెండో స్థానం పొందిన జట్టులో భాగమయ్యారు. దానితో ఇది కేవలం ప్రచార కార్యక్రమం అన్న అనుమానాలు చాలావరకు తొలగాయి.

2011 పోటీలో సుమారు 90 వేల మంది పాల్గొన్నారు. వారిలో 19 ఏళ్ళ మార్డెన్‌బరో విజేతగా నిలిచారు. ఎంపిక తెర ముందు మొదలైనా అక్కడితో ముగియలేదు. గేమ్‌లో మంచి సమయాలు నమోదు చేసిన కొద్దిమందిని ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ సర్క్యూట్‌కు రప్పించి, నిజమైన కార్లు నడిపించారు. దేహదారుఢ్యం, ఒత్తిడిలో నిబ్బరం, చెప్పినదాన్ని ఎంత త్వరగా గ్రహిస్తున్నారన్న అంశాలను న్యాయనిర్ణేతలు పరిశీలించారు. విజేతకు దక్కిన బహుమతి నగదు కాదు. పందెం లైసెన్సు పొందేందుకు అవసరమైన శిక్షణ, ఆ తరువాత ఒక నిజమైన జట్టులో స్థానం.

2012 జనవరిలో దుబాయ్ 24 గంటల పందెంలో మార్డెన్‌బరో పాల్గొన్నారు. గేమ్ పోటీ నుంచి వచ్చినవారితో కూడిన ఆ జట్టు తన విభాగంలో మూడో స్థానం సాధించింది. అదే ఏడాది బ్రిటిష్ జీటీ పోటీల్లో అలెక్స్ బంకోమ్‌తో కలిసి బ్రాండ్స్ హ్యాచ్‌లో గెలిచి, చివరి పందెం వరకు టైటిల్ రేసులో నిలిచారు.

ఆ విజయాలు ఒక చిత్రమైన సమస్యను తెచ్చిపెట్టాయి. బ్రిటిష్ జీటీలో వృత్తి డ్రైవరు, ఔత్సాహిక డ్రైవరు జంటగా పోటీ పడతారు. ఎవరు ఏ కోవకు చెందుతారన్నది వారి గత పందేల అనుభవాన్ని బట్టి నిర్ణయిస్తారు. గేమ్ నుంచి వచ్చినవారికి కాగితం మీద అనుభవం దాదాపు శూన్యం. ట్రాక్ మీద మాత్రం వృత్తి డ్రైవర్లతో సమానమైన వేగం. వారిని ఏ గాటన కట్టాలో తేల్చుకోలేక నిర్వాహకులు 2013 సీజన్‌కు నిస్సాన్ గేమర్ల ప్రవేశాన్ని నిరాకరించారు. ఒక విధంగా ఆ తిరస్కరణే వారి నైపుణ్యానికి లభించిన గుర్తింపు.

ఆట నేర్పేది, నేర్పలేనిది

పందెం డ్రైవరు చేసే పనిలో సగభాగం మెదడుకు సంబంధించినది. మలుపుకు ముందు ఎక్కడ బ్రేకు వేయాలి, కారును ఏ గీతపై మలుపులోకి తిప్పాలి, ఎక్కడ తిరిగి వేగం అందుకోవాలి అన్నవి క్షణాల్లో తేల్చుకోవాలి. గేమ్‌లో ఒకే మార్గాన్ని వేలసార్లు నడిపినవారికి ఈ లెక్కలు కంఠస్థమవుతాయి. ఇంధనం ఖర్చు లేదు, టైర్లు అరగవు, తప్పు జరిగితే కారు పాడైపోదు. తప్పు చేసి, కారణం తెలుసుకుని, వెంటనే మళ్ళీ ప్రయత్నించే ఈ అవకాశమే గేమ్ ఇచ్చే అసలు శిక్షణ. చూపును ముందున్న కారు మీద గాక రాబోయే మలుపు మీద నిలపడం కూడా ఈ సాధనతో అలవడుతుంది.

అగ్రశ్రేణి ఫార్ములా-1 జట్లు సైతం సిమ్యులేటర్లను వాడడానికి కారణం ఇదే. తెలుగు ప్రేక్షకులకు దగ్గరి ఉదాహరణ 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా-ఈ పందెం. నగర వీధుల్లో తాత్కాలికంగా ఏర్పాటుచేసే ఇటువంటి మార్గంపై ముందుగా సాధన చేసే వీలు డ్రైవర్లకు ఉండదు. అందుకే ఈ తరహా పందేలకు వచ్చేముందు వారు ఆ మలుపులను సిమ్యులేటర్‌లోనే అభ్యసిస్తారు.

మిగిలిన సగభాగం శరీరానికి సంబంధించినది. దాన్ని గేమ్ నేర్పలేదు. తల, హెల్మెట్ కలిపి ఆరేడు కిలోల బరువు ఉంటాయనుకుంటే, గురుత్వ బలానికి మూడు రెట్ల ఒత్తిడి కలిగే మలుపులో మెడ మోయవలసిన భారం 20 కిలోల దాకా చేరుతుంది. ఒకే పందెంలో ఇది వందలసార్లు జరుగుతుంది. మూసి ఉన్న కారు లోపలి వేడిని భరిస్తూ గంటల తరబడి ఏకాగ్రత చెదరకుండా నడపాలి. టైరు పట్టు తప్పుతున్న సంగతి గేమ్‌లో కంటికి, చేతికి తెలుస్తుంది. నిజమైన కారులో అది మొదట నడుముకు, వెన్నుకు తెలుస్తుంది. గేమర్లు డ్రైవర్లుగా మారేందుకు కఠినమైన వ్యాయామ శిక్షణ అవసరమైనది అందుకే.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మరొకటి. గేమ్‌లో ప్రమాదం తరువాత ఒక మీట నొక్కితే ఆట మళ్ళీ మొదలవుతుంది. ట్రాక్ మీద ఆ సౌకర్యం లేదు. మార్డెన్‌బరో తొలిసారి పాల్గొన్న 2013 లె మాన్స్ పందెం ఆరంభమైన కొద్ది నిమిషాలకే డెన్మార్క్ డ్రైవరు అలన్ సిమన్‌సెన్ ప్రమాదంలో మరణించారు.

2015 మార్చి 28

రెండేళ్ళ తరువాత ఆ సత్యం మార్డెన్‌బరోకే స్వయంగా ఎదురైంది. నూర్‌బుర్గ్‌రింగ్‌లోని ఉత్తర వలయం 20 కిలోమీటర్లకు పైగా పొడవున, అడవుల నడుమ ఎత్తుపల్లాలతో సాగే మార్గం. అందులో ఫ్లుగ్‌ప్లాట్జ్ అనే చోట రోడ్డు ఒక్కసారిగా గట్టులా లేచి దిగుతుంది. 2015 మార్చి 28న జరిగిన పందెంలో మార్డెన్‌బరో నడుపుతున్న నిస్సాన్ జీటీ-ఆర్ ఆ గట్టు దాటుతుండగా ముందుభాగం పైకి లేచింది. దాని కిందకు చొరబడిన గాలి కారును అమాంతం ఎగరగొట్టింది. అది రక్షణ కంచెను దాటి ప్రేక్షకులు ఉన్న చోట పడింది. ఒక ప్రేక్షకుడు ప్రాణాలు కోల్పోయారు. మరికొందరు గాయపడ్డారు. మార్డెన్‌బరో ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ ఘటన తరువాత ఆ మార్గంలోని కొన్ని భాగాల్లో పందెం కార్లకు వేగ పరిమితులు విధించారు. రోడ్డు ఎగుడుదిగుళ్ళను సరిచేసి, కంచెలను పటిష్ఠం చేసిన అనంతరం 2016లో వాటిని తొలగించారు. మార్డెన్‌బరో 2015 జూన్‌లోనే తిరిగి లె మాన్స్ ఆరంభ రేఖ దగ్గర నిలిచారు. ఆ తరువాత జపాన్ వెళ్ళి, 2016లో అక్కడి ఫార్ములా-3 పోటీల్లో రెండో స్థానం పొందారు. అనంతరం సూపర్ జీటీ పోటీల్లో అగ్రశ్రేణి విభాగంలో కొన్నేళ్ళు పోటీ పడ్డారు.

వెండితెర మీద, వెండితెర వెలుపల

ఈ కథ ఆధారంగా నీల్ బ్లోమ్‌క్యాంప్ దర్శకత్వంలో రూపొందిన గ్రాన్ టురిస్మో చిత్రం 2023లో విడుదలై, మన దేశంలోని థియేటర్లకూ వచ్చింది. మార్డెన్‌బరో పాత్రను ఆర్చీ మడెక్వే పోషించారు. ఆ పాత్రకు కారు నడిపే సన్నివేశాల్లో డూపుగా వ్యవహరించినది మార్డెన్‌బరోయే.

అయితే సినిమా చూసినవారు ఒక విషయం గమనించాలి. చిత్రంలో నూర్‌బుర్గ్‌రింగ్ ప్రమాదం ముందు జరుగుతుంది. లె మాన్స్ విజయం దానికి ఉపశమనంగా తరువాత వస్తుంది. వాస్తవంలో క్రమం ఇందుకు విరుద్ధం. లె మాన్స్ విజయం 2013లోది, ప్రమాదం 2015లోది. ఒక వ్యక్తి మరణాన్ని కథానాయకుడి ఎదుగుదలకు మెట్టుగా వాడుకున్నారన్న విమర్శ అందుకే వచ్చింది. ఆ ఘటన తన జీవితంలో భాగమని, దాన్ని చూపకపోతే ప్రేక్షకులకు అన్యాయం జరిగేదని మార్డెన్‌బరో అభిప్రాయపడ్డారు. ఏది ఏమైనా, వాస్తవ జీవితంలో ఆ విషాదం తరువాత అన్నిటినీ చక్కదిద్దిన విజయ వేదిక ఏదీ లేదు. దాన్ని మోస్తూనే ఆయన మళ్ళీ స్టీరింగ్ పట్టారు.

తెరిచిన దారి, ఇరుకైన దారి

జీటీ అకాడమీ 2016తో ముగిసింది. అది వేసిన బాట మాత్రం పూర్తిగా మూతపడలేదు. టర్కీకి చెందిన జెమ్ బోలుక్‌బాషీ ఈ-స్పోర్ట్స్ నుంచి వచ్చి 2022లో ఫార్ములా-2లో పోటీ పడ్డారు. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ బాల్డ్విన్ గేమర్ల పోటీలో గెలిచి, 2020లో బ్రిటిష్ జీటీలో తన తొలి పందెంలోనే విజయం సాధించారు. ఇటువంటి పేర్లు ఇంకా కొన్ని ఉన్నా, ప్రపంచమంతటా ఈ గేమ్‌లు ఆడే లక్షల మందితో పోలిస్తే అవి వేళ్ళ మీద లెక్కించదగినవే.

భారత్ విషయానికి వస్తే, నారాయణ్ కార్తికేయన్ 2005లో, కరుణ్ చందోక్ 2010లో ఫార్ములా-1లో అడుగుపెట్టారు. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు, గ్రేటర్ నోయిడాలలో సర్క్యూట్లు ఉన్నాయి. ఇంత పెద్ద దేశానికి అవి చాలవు. ఈ నగరాలకు దూరంగా ఉండే యువతకు సిమ్యులేటర్ సాధన తొలి పరీక్షగా ఉపకరిస్తుంది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీల్లో భాగంగా గుర్తించి, యువజన వ్యవహారాలు, క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకూ, నైపుణ్యంతో పోటీపడే ఈ-స్పోర్ట్స్‌కూ మధ్య తేడాను 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం స్పష్టం చేసింది.

ఆటలో వేగం చూపిన ప్రతి ఒక్కరూ డ్రైవరు కాలేరు. మార్డెన్‌బరో విషయంలో గేమ్ చేసిన పని ఆయనలోని సామర్థ్యాన్ని, డబ్బు అడ్డు లేకుండా, నలుగురి కంట పడేలా చేయడం. ఆ తరువాత శిక్షణ ఇచ్చినవారు, కారు అప్పగించినవారు, లైసెన్సు వచ్చేవరకు ఖర్చు భరించినవారు వేరే ఉన్నారు. అటువంటి వ్యవస్థ వెనుక నిలిచినప్పుడే తెర మీది ప్రతిభ ట్రాక్ దాకా చేరుతుంది. ట్రాక్ మీదకు చేరిన తరువాత, ప్రతి మలుపులోనూ తన ప్రాణంతో పాటు ఇతరుల ప్రాణాలూ తన చేతుల్లో ఉంటాయన్న ఎరుక డ్రైవరుకు అవసరం. ఆ పాఠం ఏ గేమ్‌లోనూ లేదు.