ఛాయాపటములలో అబ్రహాము లింకను

అమెరికా సంయుక్త రాష్ట్రముల 16వ అధ్యక్షుడగు అబ్రహాము లింకను పేరు వినని విద్యార్థి ఉండడు. గుంటలు పడిన చెక్కిళ్లును, మీసము లేని గడ్డమును, ఎత్తయిన నల్లని టోపీయును గల ఆ రూపము చరిత్ర పాఠము చదువనివారికిని పరిచితమే. 1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున డాగేరు తన ఛాయాపట పద్ధతిని లోకమునకు వెల్లడించునాటికి లింకను ముప్పదియేండ్లవాడు. ఆ కళయు, ఆయన కీర్తియు కలసియే పెరిగినవి. నేటికి ఆయన ఛాయాపటములు సుమారు 130 తెలియవచ్చినవి. అవి యెట్లు తీయబడినవో, వానినెంతవరకు నమ్మవచ్చునో కొంత విచారింతము.

మనకు దొరికినవానిలో మొదటిది 1846 లేక 1847వ సంవత్సరమున ఇల్లినాయి రాష్ట్రములోని స్ప్రింగుఫీల్డు పట్టణమున తీసినది. తీసినవాడు షెపర్డు అను ఛాయాగ్రాహకుడని చెప్పుదురు. అప్పటికి లింకను న్యాయవాది; గడ్డము లేదు; తల నున్నగా దువ్వబడియున్నది. అది డాగేరు పద్ధతిని తీసిన పటము. వెండిపూత గల రాగిరేకునకు అయొడిను ఆవిరి పట్టించి, కెమెరా పెట్టెలో నుంచి వెలుగు సోకించి, పిమ్మట పాదరసపు ఆవిరిపై పట్టినచో బొమ్మ తేలును. ఒక్క రేకునకు ఒక్క బొమ్మయే. నకళ్లు తీయుటకు వీలులేదు. అంతేకాక అద్దములో చూచుకొన్నట్లు కుడి యెడమలు తారుమారగును. ఈ రేకు లింకను కుటుంబమువారి యొద్దనేయుండి, 1937వ సంవత్సరమున ఆయన మనుమరాలివలన అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు చేరినది.

లింకను అధ్యక్షుడగునాటికి తడిపలక పద్ధతి వాడుకలోనికి వచ్చెను. దీనిని 1851వ సంవత్సరమున ఆర్చరు అను ఆంగ్లేయుడు ప్రకటించెను. కొలోడియను అను జిగట ద్రవమును గాజుపలకపై సమముగా పరచి, సిల్వరు నైట్రేటు ద్రావకములో ముంచి, ఆ పలక తడియారకముందే పటము తీసి, తడియారకముందే చీకటిగదిలో కడిగి తేర్చవలెను. ఆలస్యమైనచో పలక పనికిరాదు. ఇట్లు సిద్ధమైన గాజు నెగటివునుండి, గ్రుడ్డులోని తెల్లసొన పూసిన కాగితముపై ఎన్ని ప్రతులైనను ఎత్తవచ్చును. చేతిలోని ఫోనుతో నిమిషములో పది పటములు తీయుచున్న నేటి బాలురు ఈ శ్రమను ఒక్కసారి తలచుకొనవలెను! కూర్చున్నవాడు కొన్ని క్షణములు కదలరాదు. తల చలింపకుండ వెనుక ఇనుపకమ్మి నొకదానిని ఆనించెడివారు. లింకను కథలు చెప్పి పదిమందిని నవ్వించుటలో ప్రసిద్ధుడు. పటములలో మాత్రము ఆయన మొగము కొయ్యబారియుండును. దీనికి ఇనుపకమ్మి కొంత కారణము. మరియు ఆ మందునకు ఎరుపురంగు సరిగా తెలియదు. అందువలన ఎండకు కందిన చర్మము నల్లగాను, ముడుతలు లోతుగాను పడుచుండెను. ఎదుటనుండి చూచినవారికి కనబడిన లింకను ఈ పటములలోని లింకనుకంటె కొంత మృదువైనవాడై యుండును.

1860వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన లింకను న్యూయార్కు నగరమున కూపరు యూనియను భవనములో బానిసత్వ వ్యాప్తికి వ్యతిరేకముగా గొప్ప యుపన్యాసమిచ్చెను. ఆనాడే మాత్యూ బ్రేడీ అను పేరుపొందిన ఛాయాగ్రాహకుడు ఆయన పటము తీసెను. లింకను ఆరడుగుల నాలుగంగుళముల పొడవరి, మెడ సన్నము. బ్రేడీ ఆయన చొక్కా కంఠపట్టీని పైకి లాగి ఆ మెడను మరుగుపరచెను. ఆ కాలమున వార్తాపత్రికలు ఛాయాపటములను నేరుగా అచ్చొత్తజాలవు; పనివారు పటమును చూచి కొయ్యదిమ్మెలపై చెక్కి అచ్చువేయుచుండిరి. ఇట్లు బ్రేడీ తీసిన పటము వేలకొలది ప్రతులై దేశమంతట వ్యాపించెను. పల్లెటూరి మొరటువాడని ప్రతిపక్షులు వర్ణించిన మనుష్యుడు అందులో గంభీరుడగు పెద్దమనిషివలె కానవచ్చెను.

ఎన్నికల కాలపు పటములలో నొకటి గ్రేసు బెడెలు అను పదునొకండేండ్ల బాలిక చేతికి వచ్చెను. న్యూయార్కు రాష్ట్రమున వెస్టుఫీల్డు గ్రామమామెది. తండ్రి సంతనుండి తెచ్చిన ఆ పటమును చూచి, ఆమె 1860 అక్టోబరు 15వ తేదీన లింకనునకే జాబు వ్రాసెను: మీ మొగము మిక్కిలి సన్నము, గడ్డము పెంచినచో బాగుండును అని దాని సారాంశము. ఇప్పుడు క్రొత్తగా గడ్డము పెంచినచో జనులు వెఱ్ఱి వేషమనుకొనరా యని ఆయన నాలుగు దినములలో జవాబు వ్రాసెను. అయినను నవంబరు 25వ తేదీన చికాగోలో తీసిన పటములో గడ్డము మొలకెత్తియున్నది! మరుసటియేడు ఫిబ్రవరి 16వ తేదీన రాజధానికి పోవుచు ఆయన వెస్టుఫీల్డులో రైలాపి ఆ బాలికను చూచెను. మొగమునుబట్టి పటముండుట లోకరీతి. ఇచ్చట పటమునుబట్టి మొగము మారినది.

అంతర్యుద్ధ కాలపు పటములనేకములు. 1862వ సంవత్సరము అక్టోబరున ఆంటీటం యుద్ధభూమిలో సేనానుల నడుమ నిలిచిన లింకనును అలెగ్జాండరు గార్డినరు తీసెను. 1863 నవంబరు 19వ తేదీన గెటిస్బర్గులో ఆయన చేసిన ప్రసంగము రెండు మూడు నిమిషములలో ముగిసెను. నాటి జనసమూహమును తీసిన గాజుపలక యొకటి ప్రభుత్వ దస్తావేజులలో పడియుండగా, 1952వ సంవత్సరమున అక్కడి యుద్యోగిని జోసెఫీను కాబ్ దానిని పెద్దదిచేసి చూచి, గుంపు నడుమ బోడితలతోనున్న లింకనును గుర్తించెను.

1864 ఫిబ్రవరి 9వ తేదీన బ్రేడీ శాలలో ఆంథొనీ బెర్గరు తీసిన పటములు అన్నిటికంటె ప్రసిద్ధములు. అయిదు డాలర్ల నోటుపైని మొగము ఆనాటిదే. ఆనాడే పదియేండ్ల కుమారుడు టాడును ప్రక్కన నిలుపుకొని లింకను ఒక పెద్ద పుస్తకమును తిరుగవేయుచున్నట్లు మరియొక పటము తీసిరి. అది ఛాయాగ్రాహకుని శాలలోని పటముల ఆల్బము మాత్రమే. జనులు దానిని బైబిలనుకొందురేమో, అట్లయినచో తాను మోసపుచ్చినట్లగునేమో అని లింకను శంకించినట్లు ఆయన మిత్రుడు నోవా బ్రూక్సు వ్రాసెను. శంకించినట్లే జరిగెను. ఆ పటమునుబట్టి తీసిన అచ్చుబొమ్మలలో అది బైబిలేయై, ఇండ్ల గోడలకెక్కెను. భక్తితో చేసినను అబద్ధము అబద్ధమే. దానికి ముందుగా జంకినవాడు లింకనే యగుట గమనింపదగినది.

ఇంతకంటె విపరీతమైన కల్పన వేరొకటి గలదు. ఒక చెక్కుడు బొమ్మలో లింకను రాజఠీవితో నిలువెత్తున నిలిచియుండును. అందు తల మాత్రమే ఆయనది. మొండెము కాల్హూను అను దక్షిణ రాష్ట్రపు నాయకునిది. బానిసత్వము మేలని వాదించి 1850వ సంవత్సరమున చనిపోయిన కాల్హూను శరీరముపై బానిసల విమోచకుని శిరస్సు! బల్లపైని కాగితముల మీది మాటలనుకూడ మార్చి, 'రాష్ట్రముల సార్వభౌమత్వము' ఉన్నచోట 'స్వాతంత్ర్య ప్రకటన' అని చెక్కిరి. తలను త్రిప్పి అతికినందున లింకను కుడిచెక్కిలిపైని పుట్టుమచ్చ ఎడమకు వచ్చెను. పట్టుబడినది ఆ మచ్చవలననే.

1865 ఫిబ్రవరి 5వ తేదీన, అనగా 56వ యేడు నిండుటకు వారము ముందు, గార్డినరు తీసిన పటమును 1860 నాటి పటము ప్రక్కనుంచి చూడవలెను. అయిదేండ్లలో ఇరువదియేండ్ల ముదిమి. కన్నులు లోతునకు పోయినవి. పెదవులపై చిరునవ్వు ఛాయ యున్నట్లును లేనట్లును తోచును. తేర్చుచుండగా గాజుపలక తలపైభాగమున అడ్డముగా పగిలెను. గార్డినరు ఒక్క ప్రతి మాత్రమెత్తి పలకను పారవేసెను. ఆ ప్రతి వాషింగ్టనులోని జాతీయ చిత్తరువుల శాలలో నున్నది. ఏప్రిల్ 14వ తేదీ రాత్రి లింకను నాటకశాలలో కాల్చబడి మరునాటి యుదయమున మరణించెను.

శవపేటిక న్యూయార్కు నగరమందిరములో నుంచినప్పుడు, ఏప్రిల్ 24వ తేదీన గర్నీ అను ఛాయాగ్రాహకుడు పటము తీసెను. యుద్ధమంత్రి స్టాంటను కోపించి పలకలను నాశనము చేయుడని యుత్తరువిచ్చెను. ఒక్క ప్రతి మాత్రము స్టాంటను కాగితములలోనే దాగి, 1887వ సంవత్సరమున ఆయన కుమారునివలన లింకను కార్యదర్శులలో నొకరికి చేరి, తుదకు స్ప్రింగుఫీల్డులోని చరిత్ర గ్రంథాలయపు కట్టలలో కలసిపోయెను. 1952వ సంవత్సరమున ఆ కట్టలను విప్పి చూచుచు దానిని కనుగొన్నవాడు పదునాలుగేండ్ల విద్యార్థి.