పొలం గట్టున ఆర్థికశాస్త్రం

దివిసీమలో ఏ టీకొట్టు దగ్గరైనా ఓ పావుగంట కూర్చుంటే చాలు... ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయి, అందులో కౌలుకి ఎన్ని పోయాయి, తేమ పేరు చెప్పి మిల్లువాళ్లు ఎంత తరుగు తీశారు- లెక్కలన్నీ వేళ్లమీదే తేలిపోతాయి. గుడివాడ వైపు వెళితే వరికీ చేపల చెరువుకీ మధ్య బేరీజు. బందరులో కొత్త రేవు కబుర్లు. ఇన్ని లెక్కలు తెలిసిన ఊళ్లలో భూమి ఎవరిదో, దాన్ని నిజంగా సాగుచేస్తున్నది ఎవరో ఒక్క కాగితం మీద చూపించమంటే మాత్రం... చిక్కంతా అక్కడే!

ఆ చిక్కు విప్పాల్సినవాళ్లు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు. వాళ్లకో సంఘమూ ఉంది. పేరు ఆంధ్రప్రదేశ్ ఎకనమిక్ అసోసియేషన్. డాక్టర్ల సంఘం, లాయర్ల సంఘం అంటే అందరికీ తెలుసు. ఎకనమిక్స్ మాస్టార్లకీ, పీహెచ్‌డీ చేసే కుర్రాళ్లకీ కూడా ఓ సంఘమా? అది ఏం చేస్తుంది?

ఏడాదికోసారి కూడిక

దేశంలో ఈ తరహా సంఘాలకు పెద్దన్న ఇండియన్ ఎకనమిక్ అసోసియేషన్. 1917లో పుట్టింది. దాని వందో వార్షిక సదస్సు 2017 డిసెంబరులో మన పక్కనే, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో జరిగింది. అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు. అదే బాటలో రాష్ట్ర స్థాయిలో 1980లలో మొదలైంది మన సంఘం. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ వాళ్లు తమ సంఘం తాము పెట్టుకున్నారు.

పని పద్ధతి సాదాసీదాగానే ఉంటుంది. ఏడాదికోసారి ఏదో ఒక విశ్వవిద్యాలయంలోనో కాలేజీలోనో సదస్సు. సాగునీరు, ఉపాధి, చదువులు, రాష్ట్ర ఆదాయ వ్యయాలు... ఇలా కొన్ని అంశాలు ముందే చెబుతారు. వాటి మీద పరిశోధకులు పత్రాలు రాసుకొచ్చి చదువుతారు. పాతికేళ్ల కుర్రాడు చూపించిన పట్టికలో తప్పుంటే అరవై ఏళ్ల ఆచార్యుడు అక్కడికక్కడే పట్టుకుంటాడు. వినడానికి చిన్న విషయమే కానీ, ఎక్కడో ఒక్కడే కూర్చుని థీసిస్ రాసుకునేవాడికి అంతకన్నా మంచి పాఠం దొరకదు.

మన డెల్టా వరకూ మరో ముందడుగు కూడా ఉంది. ఒకప్పుడు బందరు కుర్రాడు ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేయాలంటే మద్రాసో వాల్తేరో వెళ్లాల్సిందే. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 2008లో ఏకంగా బందరులోనే కృష్ణా విశ్వవిద్యాలయం వెలిసింది. పరిశోధించాల్సిన ఊరూ పరిశోధించే గదీ ఇప్పుడు ఒకే బస్సు రూటులో ఉన్నాయి.

సెలవులకి ఊరెళ్లిన విద్యార్థులు

నిజానికి మన పల్లెలకీ ఈ శాస్త్రానికీ చుట్టరికం సంఘాల కన్నా పాతది. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ ఓ తమాషా పని చేశాడు. సెలవులకి ఇళ్లకు వెళ్లే విద్యార్థుల చేతిలో ప్రశ్నల జాబితా పెట్టాడు. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎంత భూమి, కూలి ఎంత, అప్పు ఎంత... రాసుకు రమ్మన్నాడు. అవన్నీ కలిపి 1918లో పుస్తకంగా వచ్చాయి. అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న ఉనగట్ల కూడా అందులో ఉంది. అక్కడితో ఆగలేదు. ఇరవై ఏళ్ల తర్వాత అవే ఊళ్లకు మళ్లీ మనుషుల్ని పంపారు. ఏం మారిందో, ఏం మారలేదో తేలింది.

ఆచార్య ఎన్.జి.రంగా కూడా రాజకీయాల కన్నా ముందు ఈ పనే చేశారు. డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1926లో బెజవాడలో అచ్చయింది. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జి.పార్థసారథి వంటివారు భూసంస్కరణలూ కౌలుదారీ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాక ఈ జిల్లా రైతు తిండికోసం పండించడం నుంచి అమ్మకం కోసం పండించడానికి ఎలా మళ్లాడో జి.ఎన్.రావు 1985లో వివరంగా రాశారు.

ఎవరు రైతు?

ఇంత పని జరిగినా కౌలు లెక్క తెగలేదు. జాతీయ నమూనా సర్వే 2018-19 ప్రకారం మన రాష్ట్రంలో కౌలు భూమి ఉన్న కమతాలు 42.4 శాతం. దేశం మొత్తం మీద 17.3 శాతమే. అంటే కౌలులో మనదే అగ్రస్థానం. ప్రభుత్వ రికార్డుల్లో వెతికితే మాత్రం ఇందులో చాలామంది కనిపించరు. కారణం డెల్టాలో అందరికీ తెలిసిందే. ఒప్పందం నోటిమాట. కాగితం రాస్తే కౌలుదారుకి హక్కు వచ్చేస్తుందేమోనని భూయజమానికి భయం. కాగితం లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు. తుపానొచ్చి చేను పడిపోతే పరిహారం రికార్డులో పేరున్నవారిని వెతుక్కుంటూ పోతుంది. పెట్టుబడి పెట్టిన మనిషి గట్టు మీదే ఉంటాడు.

2011లో రుణ అర్హత కార్డులకు చట్టం తెచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పత్రం గడువు పదకొండు నెలలు, అదీ యజమాని ఒప్పుకుంటేనే. మళ్లీ కథ మొదటికే! ఇలాంటి చట్టం పనిచేసిందా లేదా అని నోరు చేసుకుంటే తేలదు. నాగాయలంకలోనో కోడూరులోనో ఇంటింటికీ తిరిగి, రెండేళ్లాగి మళ్లీ తిరిగితే తేలుతుంది. ఆ తిరిగే పని సదస్సు హాల్లో జరగదు కదా!

సంఘం మీద ఓ ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. పత్రాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. అందులో ఉన్న కౌలుదారు వాటిని చదవలేడు. చదివితే, ‘అయ్యా, మా ఊళ్లో కౌలు అంతకాదు’ అని దిద్దగలిగేది అతనొక్కడే. ప్రతి సదస్సు తర్వాతా పది పేజీల తెలుగు సారాంశం వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

రేవు రాకముందే...

ఇప్పుడు మరో అవకాశం ఎదురుగా ఉంది. బందరు ఓడరేవు పనులు 2023 మేలో మొదలయ్యాయి. రేవు వచ్చాక చుట్టుపక్కల ఊళ్లు బాగుపడ్డాయని కొందరు, లేదని కొందరు అనకమానరు. ఎవరిది నిజమో చెప్పాలంటే రేవుకి ముందు ఆ ఇళ్లు ఎలా ఉన్నాయో రాసిపెట్టి ఉండాలి. వేటకి వెళ్లే పడవలెన్ని, రోజుకూలి ఎంత, ఎవరి పిల్లలు ఎంతవరకు చదివారు... ఓడలు వచ్చాక ఈ వివరాలు వెనక్కి వెళ్లి రాసుకోవడం కుదరదు.

బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో డిగ్రీ చదివే పిల్లల్లో ఎందరివో ఇళ్లు ఈ ఊళ్లలోనే. సంక్రాంతి సెలవులకి ఎటూ బస్సెక్కుతారు. స్లేటర్ తన విద్యార్థులకు ఇచ్చింది కూడా ఓ ప్రశ్నల కాగితమే.