పద్మిని అలిగితే...

స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందు కూడా సోఫాలాంటి పొడవాటి సీటు... ప్రీమియర్ పద్మిని ఇంటిముందు ఉంటే ఒకప్పుడు ఆ దర్జాయే వేరు! 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చిన ఈ కారు, 1970ల్లో పద్మిని అయింది. 2023 అక్టోబరులో ముంబయి టాక్సీగానూ సెలవు తీసుకుంది. కొన్ని ఇళ్లలో మాత్రం ఇప్పటికీ మహారాణే.

మహారాణి కదా, అలకలూ ఎక్కువే. మండుటెండలో ట్రాఫిక్‌లో చిక్కుకుంటే చాలు, పంపులోని పెట్రోలు వేడికి ఆవిరై ఇంజిన్ ఆగిపోతుంది. పంపుమీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ దారికొస్తుంది. కార్బ్యురేటర్ కడగడం, పాయింట్లు రుద్ది సందు సరిచేయడం... అన్నీ చేత్తో చేసే పనులే. స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే యజమానే సగం మెకానిక్. సొంతంగా బాగుచేసిన ఇంజిన్ గుర్రుమన్న క్షణం ఆ ఆనందమే వేరు!

అసలు చిక్కు విడిభాగాలతోనే. తలుపు రబ్బరు కోసం పాతసామాన్ల కొట్లన్నీ గాలించాలి. తీరా దొరికాక అది సరిపోకపోవచ్చు. శబ్దం విని జబ్బు చెప్పే మెకానిక్ దొరకడం ఇంకా కష్టం.

50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లకు 2021 నిబంధనలు 'వీఏ' నంబరుతో వింటేజ్ హోదా ఇచ్చాయి. రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, గడువు పదేళ్లు. అయితే ఆ నంబరుతో ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ వెళ్లొచ్చుగానీ రోజువారీగా తిప్పకూడదు. కారుకు గౌరవం కావాలా, పిల్లలతో షికారు కావాలా... తేల్చుకోవాల్సింది యజమానే!