మారని కదలిక, మారే లెక్క

పోచంపల్లి చీరలో పువ్వు మగ్గం మీద పుట్టదు. పేక నూలును ముందే లెక్క ప్రకారం సర్ది, గీతలు గీసి, రంగు అంటకూడని చోట చిటికి కట్టి, రంగులో ముంచుతారు. ఆ సర్దే పనే ఆసు పోయడం. అర్ధచంద్రాకారపు చట్రానికి ఒక కొసన మేకు, ఎదురుగా వంపు పొడవునా వరుసగా మేకులు. వాటి మధ్య దారాన్ని అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. నాలుగైదు గంటల పని, అదీ ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. చీరను మెచ్చుకునేవాళ్లలో ఎందరికి ఆ భుజం నొప్పి తెలుసు?

ఆలేరు దగ్గరి శారాజీపేటలో లక్ష్మి గారు అలాగే ఆసు పోసేవారు. తల్లి బాధ చూడలేక, ఆరో తరగతితోనే బడి మానేసిన చింతకింది మల్లేశం 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. దారాన్ని మేకుకు తిప్పడం, పక్క మేకుకు జరపడం, మళ్లీ తిప్పడం: ఒక్కో కదలికనే ఇనుముకు నేర్పుతూ వచ్చారు. చివరిది ఏళ్ల తరబడి కుదరలేదు. హైదరాబాదులో ఎలక్ట్రికల్ పనికి వెళ్లినప్పుడు, బాలానగర్‌లో ఒక యంత్రం ఆడే తీరులో ఆయనకు దారి కనిపించింది. 1999లో ‘లక్ష్మీ ఆసు యంత్రం’ పూర్తయింది. చీరకు గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిటికి కట్టడం మాత్రం ఇంకా చేతిపనే.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి అడుగు. చుట్ల లెక్క డిజైనును బట్టి మారుతుంది. దాన్ని ఇనుములోనే బిగిస్తే డిజైను మారినప్పుడల్లా యంత్రాన్ని విప్పాలి. మల్లేశం పుస్తకాలు చదివి మైక్రోకంట్రోలర్ నేర్చుకుని, ఆ లెక్కను ప్రోగ్రాములోకి మార్చారు. మారని కదలిక ఇనుములో ఉండిపోయింది, మారేది చిప్‌లోకి వెళ్లింది.

కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌కూ ఇలాంటి చిక్కే వచ్చింది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని బయటపెట్టినప్పుడు డిస్కు, కీబోర్డు నడిపే డ్రైవర్లన్నీ దాని కేంద్రమైన కెర్నల్‌లోనే కలిసి ఉండేవి. కొత్త డ్రైవరు చేర్చాలంటే కెర్నల్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. తర్వాత చాలా డ్రైవర్లు అవసరమైనప్పుడు ఎక్కించగల విడి మాడ్యూళ్లయ్యాయి. ఇప్పుడు కంప్యూటరు ఆన్ కాగానే కెర్నల్ పరికరాల గుర్తింపు సంఖ్యలు చదువుతుంది. వాటికి సరిపడే మాడ్యూళ్లను మోడ్‌ప్రోబ్ అనే ప్రోగ్రాము వెతికి ఎక్కిస్తుంది. ఏ పరికరమూ పిలవని మాడ్యూలు మొదట్లోనే కావాలంటే, ‘మాడ్యూల్స్-లోడ్’ ఫోల్డరులోని ఫైల్లో దాని పేరు రాయాలి. వద్దనుకున్న పేరును బ్లాక్‌లిస్టులో పెట్టాలి. అయితే బ్లాక్‌లిస్టు ఆపేది పరికరాన్ని చూసి తనంతట తాను ఎక్కడాన్నే. ఇంకో మాడ్యూలుకు అవసరమైతే అది లోపలికి వచ్చేస్తుంది. దాన్నీ ఆపాలంటే, ఆ పేరు ఎవరడిగినా ఏమీ ఎక్కించవద్దని మోడ్‌ప్రోబ్‌కు మరో ‘ఇన్‌స్టాల్’ లైను రాసిపెట్టాలి.