కొత్తవలస - కొత్త వలసలు

మా కళింగాంధ్రలో ‘వలస’తో ముగిసే ఊళ్ళు కోకొల్లలు. పాలవలస, జొన్నవలస, కొత్తవలస - ఇలా ఎన్నో. ఉన్నచోటు విడిచి తరలిపోవడమూ వలసే; తరలివచ్చినవారు నిలదొక్కుకున్న చోటూ వలసే. మాటకు గల ఈ రెండు ముఖాలూ విజయనగరం జిల్లా కొత్తవలసలో నేడు కనిపిస్తున్నాయి.

ఊరికి పేరు తెచ్చింది రైలు. హౌరా - చెన్నై మార్గం మీది ఈ స్టేషను నుంచే అరకు మీదుగా కిరండూల్‌కు కొండదారి చీలుతుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికని 1960లలో వేసిన దారి ఇది. పొడవు సుమారు 445 కిలోమీటర్లు. అయితే ఆ ఖనిజం ఊళ్ళో దిగేది కాదు గదా! సాగిపోయే వ్యాగన్లను లెక్కపెట్టుకోవడమే ఊరి పిల్లల వంతు.

ఊరికి అన్నం పెట్టినవి మెట్ట పంటలు. మామిడి ఉన్నది. జీడిమామిడి ఉన్నది, పోర్చుగీసువారి వెంట బ్రెజిలు నుంచి మన దేశం చేరిన ఆ చెట్టుది కూడా వలసే! వీటి సరసన గోగు. గోంగూర అనగానే మనకు నోరూరుతుంది. ఆ జాతి మొక్కే నారకూ ఆధారం. తొలకరికి చల్లిన చేను నిలువెత్తు పెరిగి పూతకు వచ్చాక కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు ఊరవేస్తారు. ఆపైన నీళ్ళలో నిలబడి నార ఒలవాలి. ఆ కుళ్ళు వాసన, ఆ నడుము నొప్పి పడినవారికే ఎరుక. ఆ నారతోనే నెల్లిమర్ల, కొత్తవలస వంటి చోట్ల మిల్లులు గోనెసంచులు నేశాయి.

ఇంతలో ప్లాస్టిక్ సంచి వచ్చింది. గోనెసంచికి రక్షణగా 1987లో కేంద్రం చట్టం చేసినా సిమెంటు, ఎరువులు ప్లాస్టిక్ సంచిలోకి మారిపోయాయి. చెరువులో నీరు నిలవకపోతే నార ఊరదు. కూలి గిట్టకపోతే రైతు గోగు వేయడు. నార రాకపోతే మిల్లు ఆడదు. జిల్లాలో మిల్లులు మూతపడినప్పుడల్లా ఎన్నో పొయ్యిలు ఆరాయి.

నార ఒలిచిన తండ్రుల బిడ్డలకు నేను పాఠం చెబుతాను. “చదువయ్యాక ఏం చేస్తారర్రా?” అంటే, “ఏటి సేస్తాం మాస్టారూ! పట్నంలో ఏదో పని సూసుకోవాల” అంటారు. విశాఖ దగ్గరే, వారిని తప్పు పట్టలేము. కాని పంటతోపాటు పనితనం కూడా వలసపోతే తిరిగి తెచ్చుకోవడం కష్టం.

మనం బజారుకు పట్టుకెళ్ళే సంచి దేనితో చేసిందో ఒకసారి చూసుకుందాం. అది నారసంచి అయితే, ఏ మెట్టచేలోనో ఒక రైతుకు వచ్చే తొలకరికి మళ్ళీ గోగు చల్లే ధైర్యం కలుగుతుంది.