సన్నని నాళాలు ముందే పంపే కబురు

నలభై దాటిన మగవాళ్లలో అంగస్తంభన సమస్య అరుదేమీ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1987-89 మధ్య 40 నుంచి 70 ఏళ్ల పురుషులను పరిశీలిస్తే, సగానికి పైగా మందిలో ఎంతో కొంత ఈ ఇబ్బంది కనిపించింది. మన దగ్గర మాత్రం ఇది ఇంట్లో చెప్పుకోలేని బాధ. గోడమీద ‘రహస్య వ్యాధులు’ అన్న ప్రకటన చూసి లాడ్జి మెట్లెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లైంగిక సామర్థ్యం పెంచుతామనే ప్రకటనలను 1954లోనే చట్టం నిషేధించింది.

కోరిక కలిగినప్పుడు నాడుల చివర్ల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ వెలువడుతుంది. దాంతో నాళాల గోడల్లోని కండరాలు సడలి, రక్తం వచ్చి నిండుతుంది. ఆ ఒత్తిడికి సిరలు నొక్కుకుపోయి, వచ్చిన రక్తం అక్కడే నిలుస్తుంది. షుగరు, బీపీ, సిగరెట్, పొట్ట చుట్టూ కొవ్వు దెబ్బతీసేది ఆ లోపలి పొరనే. అంగంలోని ధమనుల వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే. గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లుంటాయి. అందుకే చాలామందిలో గుండెనొప్పి కంటే కొన్నేళ్ల ముందే స్తంభన తగ్గుతుంది. ఈ ఇబ్బంది మొదలైనవాళ్లు లేహ్యం కొనేముందు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. తెల్లవారుజామున స్తంభన మామూలుగా ఉంటూ భార్య దగ్గర మాత్రమే ఇబ్బంది ఎదురైతే, అది ఆందోళన వల్ల కావచ్చు.

అలవాట్లు మార్చుకుంటే ఫలితం ఉంటుందా? ఇటలీలో 110 మంది స్థూలకాయులపై జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. ఆహారం తగ్గించి, వ్యాయామం పెంచినవారిలో రెండేళ్లకు దాదాపు మూడోవంతు మంది తిరిగి మామూలు స్థితికి వచ్చారు. మందు లేకుండా వచ్చిన ఈ ఫలితం నాకు గొప్ప ధైర్యాన్నిస్తుంది. మూత్రాన్ని ఆపుకునేటప్పుడు బిగించే కండరాలకు నెలల తరబడి వ్యాయామం ఇస్తే కూడా కొందరికి మేలు జరిగింది.

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో, లైంగిక శక్తిని పెంచే వాజీకరణం ఒకటి. అశ్వగంధ, దూలగొండి, పల్లేరు, శతావరి దాని మూలికలు. వాటి పేర్లు అందరికీ తెలుసు. ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు పెట్టిన షరతు మాత్రం ఎవరికీ పట్టదు. ముందు శరీరాన్ని శుద్ధి చేయకుండా వాజీకరణ మందులిస్తే ఫలితం ఉండదని అష్టాంగహృదయంలో ఆయన స్పష్టంగా చెప్పాడు. ఆయన చెప్పిన శోధన చికిత్స, నేటి నడక ఒకటే అనడం సరికాదు. కానీ దేహాన్ని బాగుచేయకుండా పొడి మింగితే చాలదన్న హెచ్చరిక ఇప్పటికీ నిలుస్తుంది. మూలికలను కూడా పరీక్షించి తీరాలి. జామ్‌నగర్ ఆయుర్వేద పరిశోధకులు మానసిక కారణాల వల్ల స్తంభన తగ్గినవారికి అశ్వగంధ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు కంటే అది మెరుగేమీ కాదని 2011లో నిజాయితీగా ప్రకటించారు. శాస్త్రానికి చేయాల్సిన సేవ అదే.

‘పూర్తిగా మూలికలే’ అని అమ్మే కొన్ని పొట్లాల్లో సిల్డెనాఫిల్ కలిపినట్టు పరీక్షల్లో పలుమార్లు బయటపడింది. వయాగ్రాలో ఉండేది ఈ మందే. డాక్టరు రాస్తే ఇది మంచి మందే. గుండెనొప్పికి సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు తెలియక మింగితే మాత్రం బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్ మాత్రలు కూడా స్తంభనను తగ్గిస్తాయి. అలా అనిపిస్తే వాటిని సొంతంగా ఆపేయకూడదు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి మందు మార్పించుకోవాలి.